అక్షరాలకు ముందరి చదువు: ఒక సంవాదం

హైదరాబాద్ నుంచి బీజాపూర్‌కు పోయే రోడ్డు పోలీస్ అకాడమీ దాటాక మొయినాబాద్, చేవెళ్ల పొలాల మధ్యకు వస్తుంది. నగరాన్ని ఇంతగా ఆనుకుని ఉన్నా ఇక్కడ ఇన్నేళ్లు సాగు మిగలడానికి ఒక పెద్ద కారణం 111 జీవో. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల్లోకి చేరే నీళ్లు పాడవకూడదని 1996 మార్చి 8న ప్రభుత్వం 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దులు పెట్టింది. వాటిలో మొయినాబాద్ మండలం ఊళ్లు చాలా ఉన్నాయి, చేవెళ్లవి కొన్ని ఉన్నాయి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 69 జీవో ఆ హద్దులను సడలించింది. రోడ్డు వెడల్పు చేయాలనుకుంటే దాని పొడవునా ఉన్న తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్ల సంగతి హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. ఊరు పట్నమవుతున్న ఈ సమయంలో మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంటి ముందు మూడు దారులున్నాయి. ఊళ్లోని అంగన్‌వాడీ ఒకటి. పొద్దున్నే వ్యాను ఎక్కించి పంపే ఎల్‌కేజీ రెండోది. ఒకరింటి వాకిట్లో పదిమంది పిల్లలతో మట్టి, చెట్టు, ఆట ఆధారంగా నడిచే చిన్న బాలబడి మూడోది. నేను ఈ మూడో దారిని సమర్థిస్తున్నాను. అయితే పచ్చదనం మీది మోజుతో ఆ సమర్థన నిలవదు. ఆరేళ్లలోపు బిడ్డకు మాట, చేతి పట్టు, ఓర్పు, లెక్క మీద ఊహ అక్షరాల కంటే ముందు కావాలి. పెద్దల శ్రద్ధ అందేంత చిన్న గుంపులో, ఆటలో అవి బాగా కుదురుకుంటాయి. నా వాదమంతా ఇదే. దీన్ని గట్టిగా అడ్డుకునే గొంతు కూడా వినిపించాలి కనుక ఇద్దరిని ఊహించి మాట్లాడిస్తున్నాను. ఒకరు సర్కారు బడిలో చిరకాలం పనిచేసి రిటైరైన పెద్దసారు. మరొకరు ఇంటి దగ్గర బాలబడి నడపాలనుకునే టీచరమ్మ.

పెద్దసారు: అమ్మా, ముందు ఒక సంగతి తేల్చుకుందాం. మట్టి, చెట్టు పట్నం పిల్లలకు లేవు కనుక వాళ్లకు అవి కొత్త. ఫామ్‌హౌస్ కట్టుకున్నవాళ్లకు వారానికోసారి కుండీలో మొక్క నాటడం ముచ్చటగా ఉంటుంది. మన చెలకల్లో కలుపు తీసే తల్లి బిడ్డ పుట్టినప్పటి నుంచీ గట్టు మీదే పెరుగుతుంది. ఆ తల్లి తన బిడ్డకు చదువు కావాలని మీ గడప తొక్కితే మీరు మళ్లీ మట్టే చేతిలో పెడతామంటున్నారు. తరతరాలుగా అక్షరం అందని ఇళ్లలో పలకకు ఉన్న గౌరవం మీకు తెలియనిది కాదు. యూనిఫాం, టై, పుస్తకాల సంచి ఆ ఇంటికి వట్టి ఆడంబరాలు కావు. తమ బిడ్డ కూడా అందరి బిడ్డల లెక్కలోకి వచ్చిందన్న రుజువు. చదువున్న ఇంటి పిల్లలు ఏడేళ్లకు అక్షరాలు మొదలుపెట్టినా అమ్మానాన్నలు అందుకుంటారు. చదువులేని ఇంటి బిడ్డకు బడే దిక్కు. ఆ బడి రెండేళ్లు ఆటలో గడిపితే నష్టం ఎవరికి?

టీచరమ్మ: నష్టం గురించిన మీ భయం న్యాయమైనది సార్. దాన్ని పక్కన పెట్టి మాట్లాడేవాళ్లను నేనూ నమ్మను. కానీ ఆట బడి డబ్బున్నవాళ్ల ముచ్చటగానే పుట్టిందన్నది చరిత్రకు సరిపడదు. భావ్‌నగర్‌లో గిజూభాయి బధేకా 1920లో బాలమందిరం మొదలుపెట్టారు. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోడక్ పట్నంలోనే ఉండిపోలేదు. 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే పల్లెకు వెళ్లి అనుతాయి వాఘ్‌తో కలిసి గ్రామ బాలశిక్షా కేంద్రం పెట్టారు. మాంటిస్సోరి పరికరాల ఖరీదు పల్లెకు అందదని గింజలు, గవ్వలు, ఆకులు, రాళ్లతోనే పాఠాలు తయారుచేసుకున్నారు. పిల్లలు బడికి రాలేకపోతే బడినే ఆదివాసీల ఇళ్ల ముంగిళ్లకు తీసుకెళ్లారు. పశువుల వెంట పోయే పిల్లల కోసం మేత బీళ్లలోనే బడి నడిపారు. ఈ దేశంలో అతి పేద పిల్లల కోసం జరిగిన ఆ ప్రయత్నంలో మట్టీ ఆటా చదువుకు సాధనాలయ్యాయి. ఇక గట్టు మీది బిడ్డ సంగతి. ఆ బిడ్డ చుట్టూ పురుగులున్నాయి, పూలున్నాయి, నీళ్లున్నాయి. కానీ 'ఇదేంది' అని అడిగితే ఆగి జవాబిచ్చే తీరిక ఆ తల్లికి లేదు. పని ఆమెను వదలదు. మట్టి దానంతటది పాఠం చెప్పదు. మట్టికీ బిడ్డకూ మధ్య మాటలు కలిపే మనిషి ఉన్నప్పుడే అది చదువవుతుంది. నా బడిలో నేనివ్వగలిగేది ముందుగా ఆ మనిషిని.

పెద్దసారు: ఆ మనిషి చేసేదేమిటో తేటగా చెప్పు. 'పిల్లలు ఆడుతూ నేర్చుకుంటారు' అన్న మాట వినీ వినీ చెవులు అలసిపోయాయి. ఏ ఆటలో ఏం నేర్చుకుంటారో అడిగితే చాలామంది దగ్గర జవాబుండదు. ఒకటో తరగతి టీచరు ముందుకు వచ్చే బిడ్డ పెన్సిలు పట్టాలి, వరుసలో కూర్చోవాలి, చెప్పింది విని చేయాలి. అయినా మన ఆచారమే మూడో ఏట అక్షరాభ్యాసం చేయమంటుంది. బాసర సరస్వతి గుడి ముందు పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని బారులు తీరే తల్లిదండ్రులంతా తొందరపడుతున్నట్టేనా?

టీచరమ్మ: అక్షరాభ్యాసంలో తండ్రి ఒళ్లో కూర్చోబెట్టుకుని, బియ్యంలో బిడ్డ వేలు పట్టి దిద్దిస్తాడు. అక్షరం గొప్పదని ఇల్లంతా కలిసి బిడ్డకు చెప్పే పండుగ అది. మర్నాటి నుంచి రోజూ నాలుగు పేజీలు నింపమని ఆ ఆచారం ఎక్కడా అనలేదు. ఇక ఆటలో చదువెక్కడుందో మన ఊరి సంగతులతోనే చెప్తాను. బతుకమ్మ రోజుల్లో తంగేడు, గునుగు, బంతి, గుమ్మడి పూలు తెచ్చి పిల్లల ముందు పోస్తే వాళ్లు రంగును బట్టి, కాడ పొడుగును బట్టి వేరుచేస్తారు. ఒక వరుస పసుపు, ఒక వరుస తెలుపు అంటూ గుండ్రంగా పేరుస్తారు. తర్వాత ఏ వరుస రావాలో ముందే చెప్పగలిగిన బిడ్డకు గణితంలో క్రమం అంటే ఏమిటో పట్టుబడినట్టే. వామనగుంటల్లో ఒక్కో గుంతకు ఒక్కో చింతగింజ వేస్తూ పోతున్న అయిదేళ్ల బిడ్డ నోటితో వల్లించే అంకెను వస్తువుతో ముడివేస్తోంది. గుజ్జనగూళ్లలో ఒకరు అమ్మ, ఒకరు చుట్టం, ఒకరు కిరాణం సేటు అవుతారు. చుట్టం అయినవాడు ఆట ముగిసేదాకా చుట్టంలాగే నడుచుకోవాలి, మధ్యలో గిన్నె లాక్కోకూడదు. తన కోరికను తానే పట్టి ఉంచడం, ఎదుటివాడి మనసులో ఏముందో ఊహించడం అక్కడ మొదలవుతాయి. మీరు కోరే 'చెప్పింది విని చేయడం' ఈ నిగ్రహం మీదే నిలుస్తుంది. పెన్సిలు పట్టూ అంతే. పిండి పిసకడం, చిక్కుడుకాయ ఒలవడం, తాడు ముడివేయడం వేళ్లకు బలమిస్తే గీత దానికదే తిన్నగా వస్తుంది. వీటి మధ్య టీచరు ఊరికే కూర్చోదు. 'ఏది ఎక్కువుంది? నీకెట్ల తెలుసు? అట్ల కాకపోతే ఏమైతది?' అని అడుగుతుంది. బిడ్డ ఒక్క మాటతో సరిపెడితే దాన్ని వాక్యం చేసి తిరిగి అందిస్తుంది. ఏ బిడ్డ ఎక్కడుందో రాసుకుంటుంది.

పెద్దసారు: వినడానికి సొంపుగా ఉంది. కానీ ఎల్‌కేజీ నుంచి వచ్చిన బిడ్డ ఏ బీ సీ డీలు గడగడా చెప్తుంది, వందదాకా అంకెలు రాస్తుంది. తల్లిదండ్రుల కంటికి కనిపించే ఫలితమది. నువ్వు చెప్పే క్రమం, నిగ్రహం ఎవరికి కనిపిస్తాయి? ముందు మొదలుపెట్టినవాడు ముందుంటాడన్నది లోకం ఎరిగిన విషయం.

టీచరమ్మ: ముందుంటాడు సార్, కొన్నాళ్లు. ప్రశ్న ఎన్నాళ్లన్నదే. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సుగేట్ బృందం అయిదేళ్లకే చదవడం నేర్పిన పిల్లలను, ఏడేళ్లకు మొదలుపెట్టిన పిల్లలను పోల్చి చూసింది. పదకొండేళ్లు వచ్చేసరికి చదవడంలో ఇద్దరి మధ్య తేడా మిగల్లేదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం పేద పిల్లల కోసం ప్రభుత్వ ఖర్చుతో నడిపిన ప్రీ-స్కూళ్లను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం వాళ్లు 2,990 మంది పిల్లల విషయంలో ఏళ్ల తరబడి పరిశీలించారు. సీట్లు లాటరీలో ఇచ్చారు కనుక పోలిక న్యాయంగానే ఉంది. మొదటి ఏడాది బడికెళ్లినవాళ్లే ముందున్నారు. ఆరో తరగతికి వచ్చేసరికి వాళ్లే మార్కుల్లో వెనకబడ్డారు, క్రమశిక్షణ సమస్యలూ వాళ్లలోనే ఎక్కువ కనిపించాయి. 2022లో వచ్చిన ఈ ఫలితానికి కారణం ఇదీ అని పరిశోధకులు తేల్చలేదు కాబట్టి నేనూ తేల్చను. అయితే ప్రీ-స్కూలుకు పంపినంత మాత్రాన లాభం ఖాయమని, తొలి ఏడాది మార్కులే కొలమానమని అనుకునే నమ్మకం దీంతో చెదురుతుంది. అంత దూరం వద్దంటే మన దగ్గరికే రండి. ఢిల్లీలోని అంబేద్కర్ విశ్వవిద్యాలయం, అసర్ సెంటర్ కలిసి 2011 నుంచి 2016 దాకా అస్సాం, రాజస్థాన్, ఆంధ్రప్రదేశ్‌లలో వేలాది పిల్లలను నాలుగో ఏట నుంచి ఎనిమిదో ఏట దాకా అనుసరించారు. ఆ మూడో రాష్ట్రంలో వాళ్లు చూసింది మన తెలంగాణ ఊళ్లనే. అంగన్‌వాడీల్లో వయసుకు తగిన పని చాలినంత జరగడం లేదని, ప్రైవేటు ఎల్‌కేజీల్లో కిందికి దించిన ఒకటో తరగతే నడుస్తోందని వాళ్లు గమనించారు. రెండు చోట్లా ఎక్కువమంది పిల్లలు బడికి తగిన సంసిద్ధత లేకుండానే ఒకటో తరగతికి చేరారు. వయసుకు తగిన ఆటలు, పనులు జరిగిన కేంద్రాల పిల్లలే మెరుగ్గా ఉన్నారు. వంద అంకెలు రాసే బిడ్డను పదకొండు రేగుపళ్లు తెమ్మని అడిగి చూస్తే ఆ రాతకు అర్థం ఎంతవరకు ఉందో తెలుస్తుంది.

పెద్దసారు: అధ్యయనాల మాట వచ్చింది కనుక నేనూ రెండు చెప్తాను. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే బాలబడుల్లో పదిహేను వందలకు పైగా పిల్లలకు పరిశోధకులు గణితపు ఆటలు ఆడించారు. ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తేర్ డఫ్లో వంటి పేరున్న వాళ్లు ఆ బృందంలో ఉన్నారు. 2017లో ఫలితం వచ్చింది. రాశులను చూపుతో అంచనా వేయడంలో పిల్లలు మెరుగయ్యారు, ఆ మెరుగు ఏడాది దాటినా నిలిచింది. కానీ బడిలో చెప్పే అంకెల గణితానికి అది నిలకడగా ఉపకరించలేదు. అంటే ఆట ఆటగానే మిగిలిపోయింది. ఇక తమిళనాడులో అంగన్‌వాడీలకు అదనంగా ఒక కార్యకర్తను ఇచ్చి చూశారు. పాఠం చెప్పే సమయం రెట్టింపయింది, పిల్లల లెక్కలూ భాషా మెరుగయ్యాయి, పోషకాహార లోపం కూడా తగ్గింది. అక్కడ పనిచేసింది పాఠం. ఈ రెండూ కలిపి చూస్తే నీ వాదానికి గండి పడలేదా?

టీచరమ్మ: నా వాదంలో ఉన్న ఒక బలహీనతను అవి బయటపెట్టాయి, దాన్ని దాచను. ఆట ఒక్కటే సరిపోతుందని ఎవరన్నా ఢిల్లీ ఫలితం వాళ్లకు అడ్డం నిలుస్తుంది. చింతగింజల కుప్పకూ, కాగితం మీది అంకెకూ మధ్య వంతెన ఎవరో కట్టాలి. కాబట్టి అయిదో ఏట గింజల ఆట ఆడాక గీతలుగా గుర్తు పెట్టడం, ఆ గీతల పక్కన అంకె రాయడం నా బడిలో ఉండాల్సిందే. కథ విన్నాక బిడ్డ చెప్పిన వాక్యాన్ని టీచరు బిడ్డ కళ్ల ముందే రాసి, వేలు పెట్టి చదివి చూపాల్సిందే. పేర్లలో మొదటి శబ్దాన్ని పట్టుకునే ఆటలూ ఉండాలి. అక్షరం మీద నాకు పగలేదు. అర్థం లేకుండా చేయి నొప్పిపుట్టే దాకా దిద్దించడం మీదే అభ్యంతరం. తమిళనాడు ఫలితాన్ని మాత్రం నేను నా వైపే చెప్పుకుంటాను. అక్కడ మారినదేమిటి? ఒక మనిషి అదనంగా వచ్చింది. ఒక్క టీచరే రిజిస్టర్లు రాసి, సరుకులు లెక్కపెట్టి, తూకాలు తీసి, మిగిలిన సమయంలో పిల్లలతో కూర్చునే పద్ధతి మారి, పిల్లలకోసమే పొద్దంతా ఉండే మనిషి దొరికింది. ఇంటి బడికి ఉన్న అసలు బలం కూడా ఇదే. ఇద్దరు పెద్దలు, పదిమంది పిల్లలు. ఈ లెక్క లేకుండా ఎంత పెద్ద తోట ఉన్నా ఆ బడిని నేను సమర్థించను.

పెద్దసారు: సరే, ఇంగ్లిష్ మాటేమిటి? ఊళ్లో సర్కారు బడి కూడా ఇంగ్లిష్ మీడియమే అయింది. మీ వాకిట్లో తెలుగు కథలు, తెలుగు పాటలు విన్న బిడ్డ ఒకటో తరగతిలో ఇంగ్లిష్ పుస్తకం చూసి బిత్తరపోదా? ఇంగ్లిష్ రాకపోతే ఉద్యోగం రాదన్న భయాన్ని తల్లిదండ్రుల తప్పుగా చూడలేం.

టీచరమ్మ: తప్పుగా చూడను. నాకూ ఇంగ్లిష్ కావాలి, బిడ్డకు అర్థమయ్యే దారిలో కావాలి. ఈ ఊళ్లలో భాషలను లెక్కబెట్టండి సార్. ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో ఉర్దూ, తండా నుంచి వచ్చే బిడ్డకు లంబాడీ, కట్టడం పనికి వచ్చినవాళ్ల పిల్లలకు హిందీయో ఒడియానో. వీళ్లందరినీ కూర్చోబెట్టి మూడో ఏట ఇంగ్లిష్‌లో రంగుల పేర్లు వల్లింపజేస్తే వాళ్లకు అబ్బేవి పేర్లే, మాట కాదు. 2020 జాతీయ విద్యావిధానం, దాని వెంట 2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఇంటి భాషకే పెద్దపీట వేయమన్నాయి. ఆరేళ్లలోపు పిల్లలకు పాఠ్యపుస్తకాలే నిర్ణయించవద్దని ఆ చట్రం చెప్పింది. కారణం సులువైనదే. ఒక కథను మొదలు, నడుమ, చివర తప్పకుండా తన భాషలో చెప్పగలిగిన బిడ్డ ఇంకో భాషలోకి వెళ్లినప్పుడు కొత్తగా నేర్చుకోవాల్సింది మాటలనే. కథ కట్టే తెలివి అప్పటికే చేతిలో ఉంటుంది. తన భాషలోనే వాక్యం కుదరని బిడ్డకు రెండు బరువులూ ఒక్కసారే నెత్తిన పడతాయి. ఇంగ్లిష్ పాటలు, బొమ్మల పుస్తకాలు రోజూ కాసేపు వినిపించడం, చూపించడం నాకు సమ్మతమే. భయం పోవడానికి అంత చాలు.

పెద్దసారు: ఇప్పుడు నన్ను అన్నిటికంటే కలవరపెట్టే సంగతికి వస్తాను. ఇల్లంటే తలుపు మూసిన చోటు. అక్కడేం జరుగుతుందో ఎవరు చూస్తారు? విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచే వర్తిస్తుంది. అంతకు ముందరి పిల్లల విషయం పదకొండో సెక్షన్‌లో ప్రభుత్వ సదుద్దేశంగా మిగిలిపోయింది. ఆ పైన చేవెళ్ల చెలకలంటే నాగుపాము, కట్లపాము, రక్తపింజర ఉండే చోటు. గోడ లేని బాయిలున్నాయి, వీధికుక్కలున్నాయి. పూలతోటల్లో, కూరగాయల మళ్లలో మందులు కొడుతుంటారు, గాలి ఎటు వీస్తే అటు ఆ మందు వస్తుంది. ఇన్ని ప్రమాదాలుంటే నీడపట్టున గదిలోనే ఆడించరాదా? ఇంకో మాట. 'రైలుబడి' అనే జపాన్ బడి కథ చదివి మురిసిపోని తెలుగు టీచరు అరుదు. కానీ అందులోని తొమోయే బడి దాన్ని నడిపిన కొబయాషి అనే ఒక్క మనిషి మీద నిలిచింది. 1945లో బాంబు దాడిలో కాలిపోయాక మళ్లీ అలాంటిది లేవలేదు. నీ బడి కూడా నీ ఒక్కదాని మంచితనం మీద నడిచేదైతే నీకు జ్వరం వచ్చిన రోజున ఆ పిల్లల గతేమిటి?

టీచరమ్మ: ఇందులో ఒక్క మాటనూ కొట్టిపారేయను. బాలల హక్కుల జాతీయ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్లకు మార్గదర్శకాలిచ్చింది. ఇరవైమంది పిల్లలకు ఒక టీచరు, తోడుగా ఒక సంరక్షకురాలు ఉండాలంది. ఇంటి బడికి ఇంతకంటే గట్టి నియమాలుండాలని నేనే అడుగుతాను. ఎప్పుడూ ఇద్దరు పెద్దలకు తగ్గకూడదు. తల్లిదండ్రులు ఏ పూటైనా చెప్పకుండా వచ్చి చూసే హక్కుండాలి. పిల్లల దగ్గర మసిలే ప్రతి మనిషి వివరాలూ పోలీసుల దగ్గర పరిశీలన జరగాలి. చుట్టూ కంచె, బాయికి మూత, రోజూ పొద్దున కర్రతో ఆవరణ అంతా తట్టి చూడటం, పాము కాటుకు మందున్న దవాఖాన ఎంత దూరమో, బండి ఎవరిదో ముందే రాసి గోడకు పెట్టడం తప్పనిసరి. పక్క పొలంలో మందు ఎప్పుడు కొడతారో రైతును అడిగి, ఆ రోజు పిల్లల్ని బయటికి తీయకుండా ఉండాలి. మార్చి నడుమ నుంచి ఎండ ముదిరితే పొద్దున రెండు గంటలే బయట. ఇవన్నీ పాటిస్తూనైనా బయటికి ఎందుకంటే, గదిలో దొరకనివి కొన్ని బయట దొరుకుతాయి. చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరేళ్ల పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాలు ఆరుబయట గడిపే పీరియడ్ పెట్టారు. మూడేళ్ల తర్వాత చూస్తే హ్రస్వదృష్టి వచ్చినవాళ్లు 30.4 శాతం. అలా చేయని బళ్లలో 39.5 శాతం. 2015లో వచ్చిన ఈ ఫలితం పగటి వెలుగుకూ కంటికీ ఉన్న సంబంధాన్ని గట్టిగా చూపింది. ఫిన్లాండ్‌లో కొన్ని శిశుకేంద్రాల ఆవరణల్లో అడవి నేల పరిచి పిల్లల్ని ఆడనిచ్చారు. 28 రోజుల్లోనే వాళ్ల చర్మం మీది సూక్ష్మజీవుల వైవిధ్యం పెరిగింది, రోగనిరోధక వ్యవస్థ గుర్తుల్లో మంచి మార్పు కనిపించింది. అది చిన్న అధ్యయనం కనుక దాని మీద పెద్ద మేడ కట్టను. ఇక రోడ్డు మాట. మూడేళ్ల బిడ్డను రోజూ లారీలు, టిప్పర్లు పరుగెత్తే దారిలో వ్యానులో తిప్పడం కూడా ప్రమాదమే. అలవాటైపోయింది కనుక మనం దాన్ని లెక్కలోకి తీసుకోవడం లేదు. నడిచి వెళ్లేంత దూరంలో బడి ఉండటం భద్రతలో మొదటి మెట్టు. ఒక్క మనిషి మీద ఆధారం గురించి మీరన్నది నిజం. అందుకే రోజు ఎలా నడవాలో, ఏ నెలలో ఏం చేయాలో, ఏ బిడ్డ ఎంతవరకు వచ్చిందో రాసి ఉంచాలి. రెండో మనిషి ఆ రాత పట్టుకుని బడి నడపగలిగితేనే దాన్ని బడి అనాలి.

పెద్దసారు: చివరి ప్రశ్న, దీన్ని నేను వదలను. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలంటే ఫీజు ఎంత పెట్టాలి? అంత ఇచ్చుకోగలిగేది ఎవరు? 1975 అక్టోబరు 2న ముప్పైమూడు చోట్ల మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం (ఐసీడీఎస్) ఈనాడు ప్రతి ఊరికీ అంగన్‌వాడీ రూపంలో చేరింది. అక్కడ గుడ్డు దొరుకుతుంది, వేడి అన్నం దొరుకుతుంది, బరువు తూచే మనిషి ఉంది. కాస్త చదువుకున్న ఇళ్ల పిల్లలంతా మీ వాకిళ్లకు వచ్చేస్తే అంగన్‌వాడీలో టీచరు లేదని గట్టిగా అడిగే తల్లిదండ్రులే మిగలరు. సర్కారు బళ్లకు అదే జరిగింది. నా కళ్లెదురుగా జరిగింది. ఊరి చదువును రెండుగా చీల్చి, ఒక ముక్కను అందంగా తీర్చిదిద్దడం సేవ అనిపించుకోదమ్మా.

టీచరమ్మ: మీ వాదాల్లో అన్నిటికంటే బరువైనది ఇదే సార్. దీనికి ఫలానా అధ్యయనం అంటూ జవాబు చెప్పలేను. పనితోనే చెప్పాలి. ఇంటి బడి అంగన్‌వాడీకి పోటీగా నిలిస్తే మీరన్నట్టే అవుతుంది. దాని పక్కన నిలవాలి. మధ్యాహ్నం దాకా నడిచే నా బడిలో వారానికి ఒక పూట అంగన్‌వాడీ పిల్లలూ మా పిల్లలూ ఒకే ఆవరణలో ఆడవచ్చు. గింజలతో, పూలతో, ఇసుకతో నేను తయారుచేసిన పనులకు పైసా ఖర్చు లేదు. వాటిని అంగన్‌వాడీ టీచరుతో పంచుకోవచ్చు, ఆమె దగ్గర పిల్లల ఎత్తు, బరువు చూసే పద్ధతి నేను నేర్చుకోవచ్చు. ఫీజులో ఇద్దరు ముగ్గురు పిల్లల భారాన్ని మిగతావాళ్లు పంచుకునే ఏర్పాటు మొదటి రోజు నుంచే ఉండాలి. ఇవి లేకుండా నేను పచ్చని గోడలు కట్టుకుని కూర్చుంటే మీ ఆక్షేపణ నిలుస్తుంది, నా బడి నిలవకూడదు. ప్రతి అంగన్‌వాడీకీ పిల్లల కోసమే ఒక రెండో మనిషి కావాలని అడిగే గొంతుల్లో నాదీ ఒకటవుతుంది. ఎందుకంటే చిన్న గుంపు, తీరికున్న పెద్దలు ఎంత పనిచేస్తాయో చూపించడానికే నా బడి ఉంది.

ఈ ఇద్దరి మాటల్లో నేను టీచరమ్మ వైపే నిలబడుతున్నాను. అయితే పెద్దసారు వాదాలు ఆమె బడిని మొదట ఉన్నచోట ఉండనివ్వలేదు. ఆటతోనే అంతా వస్తుందన్న ధీమా పోయి, ఆట నుంచి అంకెకూ అక్షరానికీ టీచరు కట్టాల్సిన వంతెన వచ్చి చేరింది. మంచి మనిషి ఉంటే చాలన్న నమ్మకం పోయి, రాసి పెట్టిన పద్ధతి, తెరిచి ఉంచిన తలుపు వచ్చాయి. తోట ఉన్నవాళ్ల ముచ్చట అన్న నింద పోవాలంటే అంగన్‌వాడీతో పొత్తు తప్పనిసరైంది. చేవెళ్ల, మొయినాబాద్ ఊళ్లలో ఇలాంటి బడి వెతుక్కునే తల్లిదండ్రులు ప్రకటనలోని చెట్ల ఫొటోలు చూసి తీర్మానించకూడదు. ఎంతమంది పిల్లలకు ఎంతమంది పెద్దలున్నారు, నా బిడ్డతో నా ఇంటి భాషలో ఎవరు మాట్లాడతారు, నిరుటితో పోలిస్తే నా బిడ్డ ఏం చేయగలుగుతోందో మీ దగ్గర రాసి ఉందా, నేను ఏ పూట వచ్చినా రానిస్తారా, ఊళ్లో పేద బిడ్డకు ఇక్కడ చోటుందా అని అడగాలి. ఈ ప్రశ్నలకు సూటిగా జవాబిచ్చే చోట, మూడేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పలక చేతికి రాకున్నా చదువు సాగుతూనే ఉంటుంది. జవాబు దొరకని చోట ఎన్ని చెట్లున్నా, ఎంత మట్టి ఉన్నా బిడ్డకు ఒరిగేది తక్కువ. ఇక ప్రభుత్వం చేయాల్సింది స్పష్టంగానే ఉంది. ఇంటి బళ్లను నమోదు చేయాలి, వాటిని తనిఖీ చేయాలి, అంతకంటే ముందు తన అంగన్‌వాడీల్లో పిల్లలతో కూర్చునే రెండో మనిషిని నియమించాలి. పదిమంది పిల్లల వాకిట్లో పనిచేసిన పద్ధతి ఊరందరి పిల్లలకూ అందాలంటే దారి అదే.